విని వ్రాయు విద్య: మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ వృత్తి

ఇటీవల ఒక మండల పరిషత్తు సమావేశము ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యురాలు మమ్ములను సమీపించి, "అయ్యా, మా అమ్మాయి డిగ్రీ పాసయింది. హైదరాబాదులో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరో ఫీజు అడుగుతున్నారు. ఆ పనేమిటో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. కట్టమంటారా, వద్దంటారా?" అని అడిగినది. నిలుచున్న పాటున ఒక్క మాటలో సమాధానము చెప్పుట న్యాయము కాదని మాకు తోచినది. ఆమె వంటి తల్లిదండ్రులు ప్రతి గ్రామములోను కలరు. బిడ్డల చదువులను గూర్చి, ఉద్యోగములను గూర్చి ఊరివారు మొదట సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున ఆ వృత్తి యొక్క స్వరూపమును, అందలి కష్టసుఖములను, నేడు దానికి పట్టిన స్థితిని ఈ పాఠమున వివరింపదలచితిమి.

పని ఏమిటి?

పాఠశాలలో ఉపాధ్యాయుడు పలుకగా శ్రుతలేఖనము వ్రాయనివారు మనలో అరుదు. అక్షరము తప్పినచో ఒక మార్కు పోవును. అంతకుమించిన నష్టము లేదు. మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ అనగా వైద్యుడు పలికిన మాటలను విని తప్పు లేకుండ వ్రాయు శ్రుతలేఖనమే. అయితే ఇచ్చట తప్పు వ్రాసినచో పోవునది మార్కు కాదు. ఒకానొకప్పుడు రోగి ప్రాణమే పోవచ్చును.

అమెరికా వంటి దేశములలో వైద్యుడు రోగిని పరీక్షించిన పిమ్మట, రోగి చెప్పుకొనిన బాధను, తాను కనుగొనిన లక్షణములను, చేసిన నిర్ణయమును, ఇచ్చిన మందులను వరుసగా టెలిఫోనులోనో, చేతిలో ఇముడు రికార్డరులోనో పలుకుట చిరకాలపు అలవాటు. ఆ ధ్వనిని విని, కంప్యూటరుపై టైపు చేసి, నివేదికగా రూపొందించు వ్యక్తిని మెడికల్ ట్రాన్‌స్క్రిప్షనిస్టు అందురు. ఆ నివేదిక తిరిగి వైద్యునికి చేరును. అతడు సరిచూచి సంతకము చేసిన తరువాత అది రోగి దస్త్రములో నిలిచిపోవును.

వైద్యుడు తానే ఏల వ్రాసికొనరాదని సందేహము కలుగవచ్చును. వ్రాయుటకంటె పలుకుట త్వరితము. అట్లు మిగిలిన కాలమును అతడు మరియొక రోగికి ఇయ్యగలడు. ఇక దస్త్రము అవసరమేమన్నచో, నేడు చూచిన వైద్యుడే రేపు చూచునన్న నియమము లేదు. శస్త్రచికిత్స చేయువారొకరు, మత్తు ఇచ్చువారొకరు, రాత్రి కనిపెట్టి ఉండు నర్సు వేరొకరు. వీరందరిని కలుపు త్రాడు ఆ కాగితమే. బీమా కంపెనీ సొమ్ము చెల్లించునది దానిని చూచియే. తగవు వచ్చినచో న్యాయస్థానము అడుగునది కూడ దానినే.

పూర్వచరిత్ర

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టెను. మరుసటి సంవత్సరమున దాని ఉపయోగములను లెక్కించుచు, ఉత్తరములు మొదలగువాటిని పలికి వ్రాయించుకొనుటను అన్నింటికంటె ముందు పేర్కొనెను. సంగీతము వినుట ఆ పట్టికలో తరువాత వచ్చినది. అనగా మాటను పట్టియుంచు యంత్రము పుట్టినది మొదలు వ్రాతపనికి దానితో చుట్టరికము కలదన్నమాట.

వైద్యశాలలలో దస్త్రముల ప్రాముఖ్యమును గుర్తించుటకు మరికొంత కాలము పట్టినది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అను శస్త్రవైద్యుల సంస్థ 1918లో వైద్యశాలల తనిఖీ ప్రారంభించినప్పుడు, చూచిన 692 వైద్యశాలలలో 89 మాత్రమే కనీస ప్రమాణములకు నిలిచినవి. ప్రతి రోగికి సరియైన, సంపూర్ణమైన దస్త్రము ఉండవలెనన్నది ఆ ప్రమాణములలో ఒకటి. ఆనాటినుండి వైద్యశాలలలో వ్రాతపని పెరుగుచు వచ్చినది. మైనపు గొట్టములు, టేపులు, క్యాసెట్లు గడచి, ధ్వని కంప్యూటరులో నిలువయుండు రూపమునకు వచ్చినది.

హైదరాబాదు వరకు వచ్చిన విధము

1990 తరువాతి దశాబ్దపు చివర ఇంటర్నెట్టు వ్యాపించుటతో ధ్వనిని సముద్రములు దాటించుట సులభమైనది. హైదరాబాదులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన 1998 ప్రాంతపు కాలమది. న్యూయార్కునకు మనకు ఋతువును బట్టి తొమ్మిదిన్నర లేక పదిన్నర గంటల వ్యత్యాసము కలదు. అచ్చట వైద్యుడు సాయంకాలము 6 గంటలకు పని ముగించునప్పటికి ఇచ్చట తెల్లవారుజామున 3.30 లేక 4.30 గంటలగును. అతడు నిద్రించి లేచునప్పటికి మనవారి పగటి పని పూర్తియై నివేదిక సిద్ధముగ నుండును. ఇంగ్లీషు చదివిన పట్టభద్రులు మన దేశమున విస్తారముగ ఉండుట, వేతనములు అమెరికాకంటె తక్కువగుట కూడ ఈ పని ఇటు తరలివచ్చుటకు కారణములు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరములలో ఈ కార్యాలయములు వెలసినవి.

పనితోపాటు శిక్షణ సంస్థలు కూడ పుట్టగొడుగులవలె లేచినవి. వానిలో నిజముగ నేర్పినవి కలవు. ఫీజులు వసూలు చేసికొని తలుపులు మూసినవియు కలవు. ఆ వార్డు సభ్యురాలి అనుమానమునకు ఇదియే మూలము. దీనిని గూర్చి ముందు చెప్పుదుము.

పని జరుగు తీరు

మేము అట్టి కార్యాలయమునొకదానిని చూచియుంటిమి. పెద్ద గదిలో ముప్పది మందికి పైగా యువతీయువకులున్నను మాట వినబడదు. చెవులకు హెడ్‌ఫోన్లు, చూపు తెరమీద, వ్రేళ్లు కీబోర్డుమీద, పాదము క్రింద ఒక పెడల్. కుట్టుమిషను తొక్కినవారికి ఆ పెడల్ క్రొత్తగా తోచదు. నొక్కినచో ధ్వని సాగును, వదలినచో ఆగును, ఒక ప్రక్క నొక్కినచో వెనుకకు పోయి అదే మాటను మరల వినిపించును. చేతులు కీబోర్డును విడువకుండ వినుచు వ్రాయుటకే ఈ ఏర్పాటు. ఒక నిమిషము పలికిన దానిని వ్రాయుటకు పలు నిమిషములు పట్టును. క్రొత్తవారికి మరింత ఆలస్యమగును.

పలికినదెల్ల పలికినట్లు వ్రాసినంత మాత్రమున నివేదిక కాదు. దానికి ఒక కట్టుబాటు కలదు. లారెన్స్ వీడ్ అను అమెరికా వైద్యుడు దస్త్రమును రోగి సమస్యల వరుసలో వ్రాయు పద్ధతిని 1968లో ప్రకటించిన వ్యాసముతో ప్రచారమునకు తెచ్చెను. దానినిబట్టి ప్రతి సమస్యను గూర్చి రోగి చెప్పినది మొదటిది. వైద్యుడు కన్నది, పరీక్షలలో తేలినది రెండవది. దానిపై వైద్యుని నిర్ణయము మూడవది. చేయదలచిన చికిత్స నాలుగవది. ఈ నాలుగు భాగములు ఒకదానితో నొకటి కలిసిపోరాదు. వైద్యుడు అలసటలో ముందు వెనుకలుగ పలికినను వ్రాయువారు వానిని తమ తమ స్థానములలో నిలుపవలెను.

నివేదికలలో ముఖ్యమైనవి నాలుగు విధములు. రోగి వైద్యశాలలో చేరునప్పటి పూర్వవృత్తాంతము, శరీరపరీక్ష ఒకటి. మరియొక వైద్యుని అభిప్రాయము రెండవది. శస్త్రచికిత్స వివరము మూడవది. రోగిని ఇంటికి పంపునప్పటి సంగ్రహము నాలుగవది. వ్రాసిన నివేదికను అనుభవము గల ఎడిటరు మరల విని సరిచూచును. సాధారణముగా నూటికి 98 పాళ్లకు తగ్గని శుద్ధత కోరుదురు. అయితే వేయి మాటలలో 98 శాతమనగా ఇరువది తప్పులకు తావున్నదని పాఠకులు గ్రహింతురు గాక. కావున శాతమొక్కటే చాలదు. తప్పు ఎచ్చట పడినదన్నది ముఖ్యము. కామా జారుట వేరు, మందు పేరు మారుట వేరు.

చెవికి ఒకటి, అర్థమునకు రెండు

ఈ పనిలోని కష్టము టైపు చేయుటలో లేదు, వినుటలో కలదు. కొన్ని ఉదాహరణములను గమనింపుడు.

1. ఇలియమ్ అను పలుకునకు రెండు అర్థములు. ఇంగ్లీషు వర్ణక్రమమున ఒక్క అక్షరము మారినచో ఒకటి చిన్న ప్రేగు చివరి భాగము, మరియొకటి తుంటి ఎముక. చెవికి రెండును ఒకటే.

2. హైపర్‌టెన్షన్ అనగా రక్తపు పోటు హెచ్చుట. హైపోటెన్షన్ అనగా తగ్గుట. నడుమనున్న ధ్వని సరిగా వినబడనిచో వ్యాధి తలక్రిందులగును.

3. అబ్‌డక్షన్ అనగా కాలుసేతులను శరీరమునకు దూరముగ చాచుట. ఆడ్‌డక్షన్ అనగా దగ్గరకు తెచ్చుట.

4. సెలెబ్రెక్స్ నొప్పులకు మందు. సెలెక్సా మనోవ్యాకులతకు మందు. సెరెబిక్స్ మూర్ఛలకు మందు. మూడు పేర్లును తోబుట్టువులవలె నుండును.

5. ఫిఫ్టీన్ అనగా 15, ఫిఫ్టీ అనగా 50. వైద్యుడు తొందరలో చివరి ధ్వని మ్రింగినచో మోతాదు మూడు రెట్లు దాటును.

దీనికి తోడు యాసలు. అమెరికాలో వైద్యులందరు ఒకే తీరున మాట్లాడరు. స్పానిషు, అరబ్బీ, చైనా భాషలు మాతృభాషలుగా గలవారున్నారు. మన తెలుగునాటనుండి వెళ్లిన వైద్యులును అనేకులు కలరు. హైదరాబాదులో చెవి యొగ్గి కూర్చున్న యువతికి ఒక్కొక్కప్పుడు గుంటూరు యాస కలిసిన ఇంగ్లీషే వినబడవచ్చును.

మరి సరియైన మాటను నిర్ణయించుట ఎట్లు? సందర్భమును బట్టి. వెనుక ప్రేగులను గూర్చి చెప్పుచుండినచో ఇలియమ్ ప్రేగే యగును. ఎముక విరుగుటను గూర్చి చెప్పుచుండినచో తుంటి యెముకయే. కావున శరీర నిర్మాణము, వ్యాధులు, మందులు, పరీక్షలు తెలియనివాడు ఎంత వేగముగా టైపు చేసినను ఈ పనికి తగడు.

ఒక సున్న చేసిన అపకారము

2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున ఒక వైద్యశాలనుండి మధుమేహ రోగియగు ఒక స్త్రీని వేరొక చికిత్సా కేంద్రమునకు పంపిరి. ఆమెకు ఇయ్యవలసినది లెవెమిర్ అను ఇన్సులిన్ 8 యూనిట్లు. వైద్యుడు పలికిన సంగ్రహమును వ్రాయు పని చేతులు మారి భారతదేశమునకు వచ్చినది. నివేదికలో 8కి బదులు 80 పడినది. అనేకుల చేతులు దాటినను ఆ సున్న ఎవరి కంటను పడలేదు. చికిత్సా కేంద్రమున ఆ కాగితమును నమ్మి పది రెట్ల మందు ఇచ్చిరి. ఆమె మరణించినది. 2012 డిసెంబరులో అచ్చటి జ్యూరీ ఆమె కుటుంబమునకు 14 కోట్ల డాలర్ల పరిహారము ఇయ్యవలెనని తీర్పు చెప్పినది.

ఈ ఘటనను మేము ఎవరినో నిందించుటకు వ్రాయుటలేదు. అట్టి తప్పు ఎచ్చట కూర్చున్నవారి చేతనైనను జరుగవచ్చును. పని ఒకరినుండి ఒకరికి, వారినుండి మరియొకరికి చవుక ధరకు మారుచుండినచో, సరిచూచు బాధ్యత ఎవరిదో తెలియకుండ పోవుననుటకు ఇది నిదర్శనము. వేల మైళ్ల దూరమున టైపు చేయు వ్యక్తికి ఆ రోగి ముఖము కనబడదు. అయినను ఆమె ప్రాణము ఆ వ్రేళ్ల కొనలలో నున్నది.

అంకెల వలన కలుగు ఇట్టి అపాయములను చూచి, అమెరికాలో వైద్యశాలలకు గుర్తింపు నిచ్చు జాయింట్ కమిషన్ అను సంస్థ 2004లో వాడరాని వ్రాతల పట్టికను ప్రకటించినది. ఒకటి అని చెప్పుటకు 1.0 అని వ్రాయరాదు. చుక్క కనబడనిచో పది యగును. అరను .5 అని వ్రాయరాదు, చుక్క చెరిగినచో ఐదగును, కావున 0.5 అనియే వ్రాయవలెను. యూనిట్ అను మాటకు బదులు దాని మొదటి ఇంగ్లీషు అక్షరమును వ్రాయరాదు. అది సున్నవలె కనబడును. ఈ మూడు నియమములు మన గ్రామములలో మందు చీటి చదువువారికి, వ్రాయువారికి కూడ పనికివచ్చును.

ఖాళీ విడుచు ధర్మము

ఈ వృత్తిలో మొదట నేర్వవలసిన నీతి ఒకటి కలదు. మాట వినబడనిచో, ఎన్నిసార్లు విన్నను తెలియనిచో, ఊహించి వ్రాయరాదు. అచ్చట ఖాళీ విడిచి, ఇది తెలియలేదని గుర్తు పెట్టవలెను. ఎడిటరు వినును, అతనికిని తెలియనిచో వైద్యుడే పూరించును. ఖాళీని చూచినవాడు ఆగి విచారించును. తప్పు మాటను చూచినవాడు నమ్మి ముందుకు సాగిపోవును. కావున ఖాళీ హాని చేయదు, ఊహ చేయును.

క్రొత్తగా చేరినవారికి ఇది కష్టముగ తోచును. ఖాళీలు ఎక్కువైనచో తమకు పని రాదని పైవారు తలంతురేమో యని వారి భయము. ఏ కార్యాలయమున తెలియదని చెప్పినవానిని మందలింపక, ఊహించి వ్రాసినవానిని మందలింతురో, ఆ కార్యాలయము మంచిదని గుర్తింపవలెను.

రహస్యరక్షణ

రోగి దస్త్రము రోగి సొంత రహస్యము. ఎవరికి ఏ వ్యాధి యున్నదో, ఏ మందు వాడుచున్నారో బయటికి పొక్కుట తగదు. అమెరికాలో హిపా అను చట్టము 1996లో వచ్చినది. ఆరోగ్య సమాచారమును కాపాడు నిబంధనలు దానిక్రింద ఏర్పడినవి. మన దేశమునను వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును 2023లో పార్లమెంటు ఆమోదించినది.

2003లో జరిగిన ఒక విషయము ఇచ్చట చెప్పదగినది. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద వైద్యశాల వ్రాతపనిని ఒక సంస్థకు ఇచ్చినది. అది చేతులు మారి మారి, వైద్యశాలకే తెలియకుండ, పాకిస్తానులోని కరాచీ నగరమున ఒక స్త్రీకి చేరినది. తనకు రావలసిన కూలి రానందున ఆమె, సొమ్ము ఇప్పింపనిచో రోగుల దస్త్రములను ఇంటర్నెట్టులో పెట్టుదునని వైద్యశాలకు వ్రాసినది. రోగుల రహస్యముతో బెదిరించుట తప్పే. కాని పనిచేసినవారి కూలి ఎగవేయుటయు తప్పే. ఒక తప్పు మరియొక తప్పును కన్నది.

ఇంటినుండి ఈ పని చేయువారును కలరు. మన పల్లెలలో తలుపు వేసికొను ఇండ్లు తక్కువ. ఇరుగుపొరుగువారు వచ్చుచు పోవుచుందురు. అట్టిచోట తెర ఇతరులకు కనబడకుండ, ధ్వని వినబడకుండ ప్రత్యేకమైన గది ఉండవలెను. భర్తకైనను, తల్లికైనను చూపరాదు.

ఆదాయము, శ్రమ

కూలి సాధారణముగా వ్రాసిన పంక్తుల లెక్కమీద నుండును. పంక్తి అనగా ఖాళీలతో కూడ 65 అక్షరస్థానములని అమెరికాలో వాడుక. కొన్ని కార్యాలయములు నెలజీతము ఇచ్చి, నిర్ణయించిన పంక్తులకు మించి వ్రాసినదానికి అదనముగ చెల్లించును. తప్పులకు కోత విధించుటయు కలదు. మొదటి నెలలలో వేగము తక్కువ, ఖాళీలు ఎక్కువ, రాబడి స్వల్పము. పదేపదే ఒకే పని చేయుటచే మణికట్టు నొప్పి, మెడ నొప్పి, కంటి అలసట కలుగును. రాత్రి పని చేయువారు నిద్ర చాలక బాధపడుదురు. వీనిని దాచి ఆదాయమును మాత్రమే చెప్పువారిని నమ్మరాదు.

యంత్రము వినుట నేర్చిన తరువాత

నేటి స్థితిని ఇక చెప్పవలెను. 2009లో అమెరికా ప్రభుత్వము దస్త్రములను కంప్యూటరులో ఉంచు వైద్యులకు ప్రోత్సాహకముగ ధనమిచ్చు చట్టము చేసినది. దానితో వైద్యుడే తెరమీద గడులు నింపు పద్ధతి పెరిగినది. మాటను విని తానే వ్రాయు యంత్రము కూడ క్రమముగ బలపడినది. నేడు వైద్యుడు, రోగి మాట్లాడుకొనుచుండగనే విని నివేదిక తయారుచేయు యంత్రములు వచ్చినవి. కేవలము విని టైపు చేయువారి అవసరము అమెరికాలో తగ్గుచున్నది. ఇకముందును తగ్గునని ఆ దేశపు కార్మిక శాఖ అంచనా. అచ్చట తగ్గినచో ఇచ్చటను తగ్గును.

ఇప్పుడు ఆ వృత్తిలో మిగిలినవారి పని చాలవరకు యంత్రము వ్రాసినదానిని దిద్దుట. దీనిని చులకనగా చూడరాదు. విస్పర్ అను ప్రసిద్ధమైన మాట వ్రాయు యంత్రమును అమెరికా పరిశోధకులు పరీక్షించి 2024లో ఫలితములను ప్రకటించిరి. సుమారు నూటికి ఒక ధ్వని ఖండికలో, ఎవరును పలుకని మాటలను యంత్రము తానై కల్పించి చేర్చినది. మాట్లాడువారు నడుమ నడుమ ఎక్కువసేపు ఆగినచోట ఇది హెచ్చుగా కనబడినది. అనగా మనిషికి నేర్పు మొదటి ధర్మము యంత్రమునకు రాలేదు. తెలియనిచోట అది ఖాళీ విడువదు. చక్కని వాక్యముతో పూరించును. ఆ వాక్యము ఎంత చక్కగా నుండునో, తప్పును పట్టుట అంత కష్టము. దానిని పట్టగల చెవి, వైద్యజ్ఞానము గల మనిషి అవసరము తీరలేదు. కాని అట్టివారు కొలదిమంది చాలును. వందల కొలది క్రొత్తవారు అక్కరలేదు.

హైదరాబాదులో ఈ పనియందున్నవారు అనేకులు మెడికల్ కోడింగు అను పనికి మారిరి. నివేదికను చదివి, ప్రతి వ్యాధికి, చికిత్సకు నిర్ణయించిన సంకేతమును గుర్తించుట ఆ పని. అమెరికాలో వ్యాధుల సంకేతములకు 2015 అక్టోబరు 1 నుండి ఐసీడీ-10 అను పట్టిక అమలులోనున్నది. జీవశాస్త్రము, ఫార్మసీ, నర్సింగు చదివినవారికి అది అనువైనది. అయితే ఆ పనియందును యంత్రములు ప్రవేశించుచున్నవని మరువరాదు.

సలహా అడిగినవారికి ఏమి చెప్పవలెను?

ఫీజు కట్టకముందు ఈ ఐదు విషయములను విచారింపుడని చెప్పవలెను.

మొదటిది. శిక్షణలో శరీరశాస్త్రము, మందులు, ఇంగ్లీషు ఎంత నేర్పుదురు? కేవలము టైపు నేర్పినచో ఆ డబ్బు వృథా.

రెండవది. నిజమైన వైద్యుల పలుకు వంటి ధ్వనులతో ఎన్ని గంటల సాధన చేయింతురు? యంత్రము వ్రాసినదానిని దిద్దు పని నేర్పుదురా?

మూడవది. గత సంవత్సరము నేర్చుకొనినవారిలో ఉద్యోగములు పొందినవారు ఎవరు? వారిలో ఇద్దరితోనైనను తల్లిదండ్రులు స్వయముగ మాట్లాడవలెను. గోడమీది ఫోటోలు సాక్ష్యము కావు.

నాలుగవది. ఉద్యోగము ఖాయమన్న మాటను కాగితముపై వ్రాసి యిత్తురా? ఇయ్యనిచో ఆ మాటకు విలువ లేదు. కట్టిన ప్రతి రూపాయికి రశీదు తీసికొనవలెను.

ఐదవది. అసలు సర్టిఫికెట్లు తమవద్ద ఉంచుమని అడుగుదురా? ఎట్టి పరిస్థితిలోను ఇయ్యరాదు; నకళ్లు మాత్రమే ఇయ్యవలెను.

అప్పు చేసిగాని, పొలము తాకట్టు పెట్టిగాని ఈ శిక్షణకు పంపుట నేటి పరిస్థితులలో తగదని మా అభిప్రాయము. ఇంగ్లీషుపై పట్టు, జీవశాస్త్రముపై ఆసక్తి, ఓర్పు గల పిల్ల అయినచో, కోడింగు, వైద్యశాల దస్త్రముల నిర్వహణ వంటి పనులను కూడ కలిపి నేర్పు చోటును వెదకుట మంచిది. ఆ వార్డు సభ్యురాలికి మేము ఇదే వ్రాసి పంపితిమి.

మన ఊరి పుస్తకములు

ఈ పాఠము పట్నపు ఉద్యోగమునకు మాత్రమే చెందినది కాదు. వ్రాతలోని తప్పు మనిషిని ఎంతదూరము వెంబడించునో పంచాయతీ సభ్యులకు అనుభవమే. సర్వే నంబరులో ఒక అంకె మారినచో రైతు ఏండ్ల తరబడి కార్యాలయముల చుట్టు తిరుగును. జనన మరణముల నమోదు చట్టము 1969లో వచ్చినది. 21 దినములలోపల సమాచారము ఇచ్చి నమోదు చేయించవలెను. 2023లో ఆ చట్టమును సవరించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేర్చుట, ఓటరు జాబితా, డ్రైవింగు లైసెన్సు మొదలగువాటికి పుట్టిన తేదీ నిరూపించు ఆధారము జనన ధ్రువపత్రమే. అందు ఒక అక్షరము తప్పినచో ఆ తప్పు బిడ్డతోపాటు పెరుగును.

కావున వ్రాయించువారు స్పష్టముగ చెప్పవలెను. వ్రాయువారు వ్రాసినదానిని బిగ్గరగ చదివి వినిపింపవలెను. తెలియని వివరమును ఊహించి నింపక, ఖాళీ విడిచి, విచారించి పూరింపవలెను. దూరదేశపు రోగి ప్రాణమును కాపాడు ఈ నియమమే మన ఊరి బిడ్డ హక్కును కూడ కాపాడును.

చర్చకు ప్రశ్నలు

1. తెలియని మాటను ఊహించి వ్రాయుటకంటె ఖాళీ విడుచుట ఏల మేలు?

2. 8 యూనిట్లు 80గా మారిన ఘటనలో తప్పును ఎవరెవరు పట్టగలిగి యుండిరి?

3. మీ గ్రామమున ఉద్యోగము ఇప్పింతుమని ఫీజు తీసికొనినవారున్నారా? వారిని ఏయే ప్రశ్నలు అడిగి యుండవలసినది?

4. మీ పంచాయతీలో జనన మరణముల వివరములను వ్రాసిన పిమ్మట కుటుంబమువారికి చదివి వినిపించుచున్నారా?

5. రోగి రహస్యమును కాపాడుట గ్రామములలో ఏల కష్టము? దానికి పంచాయతీ ఏమి చేయవచ్చును?